నెల తప్పాక ఎరుపు కనబడితే: ఏది ఆగి చూడొచ్చు, ఏది ఆగకూడదు

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ పక్క తెలుగిళ్ళల్లో కడుపు పోవడం గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు. "ఆ గుంటకి నిలబడలేదంట" అని గొంతు తగ్గించి ఒక మాట అనేసి వేరే కబుర్లోకి వెళ్ళిపోతారు. నిలబడకముందు రెండ్రోజులు ఏం కనబడింది, ఎంత కనబడింది, నొప్పి ఎటుపక్క వచ్చింది, ఎన్ని గంటలు ఇంట్లోనే ఉండిపోయారు, ఇవేవీ ఎవరూ చెప్పుకోరు, అందుకే పక్కింట్లో ఇంకో అమ్మాయికి అదే కనబడినప్పుడు వాళ్ళకి ఏం చెయ్యాలో తెలీదు.

ఒక విషయం ముందే చెప్పేయాలి. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాన్ని చాలావరకు ఎవరూ ఆపలేరు, ఎంత పెద్ద డాక్టరైనా ఆపలేరు. కాబట్టి ఈ లక్షణాలు తెలుసుకోవడం ముఖ్యంగా తల్లికి ఏమీ కాకుండా చూసుకోడానికే. ఇది తెలీక ఇళ్ళల్లో రెండు రకాల పొరపాట్లు జరుగుతున్నాయి, చిన్న మచ్చ కనబడగానే అంతా అయిపోయిందనుకుని ఏదో ఒకటి చేయించేయడం ఒకటి, నిజంగా ప్రమాదం వచ్చినప్పుడు "ఎలాగూ పోయింది కదా, ఇంకా హాస్పిటల్ ఎందుకేటి" అని ఇంట్లో పడుకోబెట్టేయడం ఇంకోటి. ప్రాణం మీదకి తెచ్చేది ఈ రెండోదే.

లెక్క చూస్తే, గర్భం అని తెలిసినవాటిలో 100కి 10 నుంచి 20 దాకా పోతాయి, అందులోనూ 80 శాతం వరకు మొదటి 12 వారాల్లోనే. మన దేశంలో 20 వారాల లోపు పోతే గర్భస్రావం అంటారు. తొలి వారాల్లో పోయినవాటిలో దాదాపు సగానికి కారణం పిండం క్రోమోజోముల్లో తేడా, అంటే అండం, వీర్యకణం కలిసినప్పుడే లెక్క తప్పిపోయింది, ఆ తర్వాత ఆ అమ్మాయి బిందె ఎత్తినా ఎత్తకపోయినా అది నిలబడేది కాదు. ఈ ఒక్క మాట అత్తగార్లకి, ఆడపడుచులకి అర్థమైతే ఎంతమంది కోడళ్ళు ఏళ్ళ తరబడి మోసే నింద తగ్గుతుందో.

ఇంకో సంగతి ఏంటంటే మన పద్ధతీ, ప్రభుత్వ పద్ధతీ రెండూ కలిసి ఈ మొదటి మూడు నెలల్నే ఖాళీగా వదిలేశాయి. మూడో నెల దాటేదాకా బయటికి చెప్పకూడదు, దిష్టి తగుల్తుంది అని ఇంట్లో దాచిపెడతారు. అటు 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకి డాక్టరే చూసే ఉచిత చెకప్ ఉంది కదా, అది నాలుగో నెల నుంచి ఉన్నవాళ్ళ కోసం పెట్టింది. అంటే కడుపు పోయే ప్రమాదం ఎక్కువగా ఉన్న వారాల్లోనే ఆ అమ్మాయి గర్భిణి అని ఆశా దీదీకి తెలీదు, ఒక్కోసారి కన్నతల్లికీ తెలీదు. మొగుడు సూరత్‌లోనో కేరళలోనో పనిలో ఉంటే, రాత్రి రక్తం పడుతుంటే ఆయన ఫోనెత్తేదాకా బండి మాట్లాడరు. ఊరంతటికీ చెప్పనక్కర్లేదు గానీ నెల తప్పిన వారంలోనే ఆశాకి ఒక్క మాట చెప్పి పెట్టాలి, ఆమె దగ్గర టెస్ట్ కిట్ కూడా ఉంటుంది.

ఇక అసలు లక్షణాల్లోకి వస్తే మొదటిది రక్తం. మొదటి మూడు నెలల్లో ప్రతి నలుగురు గర్భిణుల్లో సుమారు ఒకరికి ఎంతో కొంత ఎరుపు కనబడుతుంది, వాళ్ళలో సగం మందికి పైగా గర్భం మామూలుగానే కొనసాగుతుంది. కాఫీ రంగులో, గోధుమ రంగులో చిన్న మరకలు, రోజుకి ఒకట్రెండుసార్లు తుడిస్తే కనబడేంత, నొప్పి లేకుండా ఉంటే అది పాత రక్తం అయ్యుండొచ్చు, కంగారు పడకుండా ఒకట్రెండు రోజుల్లో డాక్టర్‌కి చూపించుకుంటే సరిపోతుంది. ఎర్రగా, తాజాగా, ముట్టులో వచ్చినంతగా వచ్చి దానికి పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి కూడా తోడైతే అదే రోజు వెళ్ళాలి. ముట్టుకంటే బాగా ఎక్కువగా, గడ్డలు గడ్డలుగా పడుతుంటే తెల్లారేదాకా కూడా ఆగకూడదు.

ఎంత ఎక్కువ అంటే ఎంత, ఇక్కడే తికమక. డాక్టర్లు చెప్పే కొలత గంటకి రెండు ప్యాడ్లు నిండా తడిసిపోవడం, అలా వరసగా రెండు గంటలు. మరి ఈ ఊళ్ళల్లో చాలామంది వాడేది ప్యాడ్లు కాదు, పాత నేత చీర చింపి నాలుగు మడతలేసిన గుడ్డ. ఆ గుడ్డ ఎంత పీల్చుకుంటుందో ప్యాడ్ లెక్కతో చెప్పలేం, పైగా ముదురు రంగు చీరైతే ఎంత తడిసిందో దీపం వెలుగులో కనబడదు కూడా, అందుకే "పర్లేదు, రెండు గుడ్డలే మార్చింది" అనుకునే లోపు చాలా రక్తం పోయుంటుంది. ఇలాంటప్పుడు తెల్ల గుడ్డ వాడాలి, పాత పంచె ముక్కైనా సరే. గుడ్డ మార్చిన ప్రతిసారీ టైం ఎక్కడైనా రాసుకోవాలి, ఫోన్లోనో, రాయడం రాకపోతే గోడ మీద బొగ్గు గీతో. మడతలన్నీ దాటి లంగా తడిసేలా గంటలో రెండుసార్లు మార్చాల్సి వచ్చినా, నిమ్మకాయంత గడ్డలు పడినా బయల్దేరిపోవాలి. డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న కూడా అదే, ఎన్ని మార్చారు, ఎప్పట్నుంచి అని, "బాగా పోయింది" అని చెప్తే ఆయనకి ఏమీ తెలీదు, "సాయంత్రం ఏడు నుంచి అయిదు గుడ్డలు" అంటే తెలుస్తుంది.

మన దగ్గర ఇంకో చిక్కు, చాలామందికి రక్తం ముందే తక్కువ. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువుంటే రక్తహీనత, 7 కంటే తక్కువైతే తీవ్రమైనది. 12 ఉన్న అమ్మాయి తట్టుకునే రక్తస్రావాన్ని 7 ఉన్న అమ్మాయి తట్టుకోలేదు, ఆమెకి పైన చెప్పిన కొలత దాకా కూడా ఆగక్కర్లేదు, కళ్ళు బైర్లు కమ్మినా, గుండె దడదడలాడినా, చేతులు కాళ్ళు చల్లబడి చెమటలు పట్టినా అదే చాలు.

ఇప్పుడు అన్నిటికంటే భయపడాల్సిన దాని గురించి. పిండం గర్భసంచిలో కాకుండా పక్కనున్న ట్యూబ్‌లో అతుక్కుంటే దాన్ని ట్యూబ్ ప్రెగ్నెన్సీ అంటారు, 100 గర్భాల్లో ఒకటో రెండో ఇలా అవుతాయి. టెస్ట్‌లో రెండు గీతలు మామూలుగానే వస్తాయి, నెల మామూలుగానే తప్పుతుంది, వాంతులు కూడా ఉండొచ్చు, కాబట్టి మొదట్లో ఎవరికీ తేడా తెలీదు. ఎక్కువగా రెండో నెలలో, కొందరికి మూడో నెలలో, పొత్తికడుపులో ఒక పక్క పోటు మొదలవుతుంది, బయటికి రక్తం కొంచెమే కనబడుతుంది, ఒక్కోసారి అసలు కనబడదు, ఎందుకంటే ట్యూబ్ చిట్లితే రక్తం కడుపు లోపలికి పోతుంది. ఆ రక్తం లోపల పైకి చేరి గుండెకీ కడుపుకీ మధ్యనున్న పొరని ఒత్తితే భుజం చివర నొప్పి పుడుతుంది. కడుపులో సమస్యకి భుజం నొప్పి ఏంటని ఎవరికీ అనిపించదు, బరువెత్తిందేమో అనుకుంటారు. దొడ్డికి వచ్చినట్టు ఒత్తిడి, లేచి నిలబడితే కళ్ళు తిరిగి పడిపోవడం, మొహం పాలిపోవడం కూడా ఉంటాయి. ఊళ్ళో ఆర్ఎంపీ డాక్టర్ గ్యాస్ అని ఇంజెక్షన్ ఇచ్చి పంపేసిన గంటలే ఇక్కడ కీలకమైన గంటలు. పిల్లలు కనే వయసులో ఉన్న ఆడమనిషికి ఒక పక్క కడుపునొప్పి వస్తే, నెల తప్పిందని తెలిసినా తెలియకపోయినా, ముందు యూరిన్ టెస్ట్ చేయాల్సిందే, పాజిటివ్ వస్తే స్కానింగ్ జరిగేదాకా అది ట్యూబ్ కాదని ఎవరూ అనకూడదు. ఆపరేషన్ టైంకి జరిగితే బతుకుతుంది.

రక్తం లేకుండా, నొప్పి లేకుండా కూడా గర్భం ఆగిపోవచ్చు. స్కాన్‌కి వెళ్ళినప్పుడే "హార్ట్ బీట్ రావట్లేదు" అని తెలుస్తుంది. వాంతులు ఒక్కసారిగా తగ్గిపోయాయి, రొమ్ములు సలపడం పోయింది, కాబట్టి పోయిందేమో అని కొందరు, వాంతులు ఉన్నాయి కాబట్టి బానే ఉందని ఇంకొందరు అనుకుంటారు. రెండూ నమ్మలేం. మూడో నెల చివరికి వాంతులు వాటంతట అవే తగ్గుతాయి చాలామందికి. అనుమానం ఉంటే స్కాన్ చేయించుకోవడమే.

స్కాన్ దగ్గర ఇంకో విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ చాలా పొరపాట్లు తేదీ దగ్గరే జరుగుతున్నాయి. గర్భం వారాలు లెక్కపెట్టేది ఆఖరి ముట్టు మొదలైన రోజు నుంచి. మన ఆడవాళ్ళకి గుర్తుండేది మాత్రం స్నానం చేసిన రోజు, "కనుమ ఎల్లిన రెండో రోజు తల పోసుకున్నాను" అంటారు. అక్కడే నాలుగైదు రోజులు తేడా వచ్చేసింది. ముట్టు సరిగ్గా నెలకి రానివాళ్ళకైతే రెండు మూడు వారాలు కూడా తేడా రావొచ్చు. ఇంట్లో గోడకి ఒక పక్క ఒడియా క్యాలెండర్, ఒక పక్క తెలుగు క్యాలెండర్ వేలాడుతుంటాయి గానీ ఆ తేదీ మీద గీత ఉండదు. ఇప్పుడు ఆమె లెక్క ప్రకారం ఎనిమిది వారాలు, నిజంగా అయ్యింది అయిదున్నర వారాలు అనుకోండి, గుండె కదలిక లోపలి స్కాన్‌లో (యోని ద్వారా చేసే స్కాన్) ఆరో వారం దగ్గర గానీ కనబడదు, కానీ రిపోర్ట్‌లో "ఎనిమిది వారాలు, హార్ట్ బీట్ లేదు" అని పడితే ఇంట్లోవాళ్ళు అక్కడికక్కడే క్లీనింగ్‌కి, అంటే గర్భసంచి ఖాళీ చేయించడానికి, ఒప్పేసుకుంటారు. అలా తొందరపడకుండా ఉండడానికే కొలతలు ఉన్నాయి: లోపలి స్కాన్‌లో పిండం పొడవు 7 మిల్లీమీటర్లో అంతకంటే ఎక్కువో ఉండి గుండె కదలిక లేకపోతే, లేదా పిండం పెరిగే నీటి సంచి సగటున 25 మిల్లీమీటర్లు దాటినా అందులో పిండం లేకపోతే ఆగిపోయిందని చెప్తారు. అంతకంటే చిన్నగా ఉంటే ఏడు నుంచి 14 రోజులు ఆగి మళ్ళీ స్కాన్ చేయాలి, పొట్ట మీద నుంచి చేసే స్కాన్ అయితే ఇంకొంచెం ఎక్కువే ఆగమంటారు. భారీగా రక్తం పోవట్లేదు, జ్వరం లేదు, ట్యూబ్ అనుమానం లేదు అన్నప్పుడు "ఇంకో వారం ఆగి చూద్దామా డాక్టర్ గారూ" అని అడగడంలో తప్పేం లేదు, మంచి డాక్టర్ అయితే ఆయనే చెప్తారు.

నాలుగు, అయిదో నెలల్లో లక్షణాలు వేరు. ఆ టైంలో గర్భసంచి మూతి బలహీనంగా ఉండి నొప్పి లేకుండానే తెరుచుకోవడం కొందరికి జరుగుతుంది. కింద ఏదో బరువుగా దిగుతున్నట్టు, నడుములో లాగుతున్నట్టు, తెల్లబట్ట ఒక్కసారిగా నీళ్ళలా ఎక్కువవడం, జిగట జిగటగా రక్తపు చారలతో పడడం, ఇవి కనబడితే "అయిదో నెలలో ఇలాగే ఉంటాది" అని ఊరుకోకూడదు. ఇంతకుముందు ఒకసారి అయిదో నెలలో నొప్పుల్లేకుండా పోయినవాళ్ళు తర్వాతి గర్భంలో మూడో నెలలోనే ఆ సంగతి చెప్పాలి, అవసరమైతే 12 నుంచి 14 వారాల మధ్య గర్భసంచి మూతికి కుట్టు వేస్తారు. ఇలాంటి గర్భాల్ని మాత్రం ముందే తెలిస్తే కొన్నిటిని నిలబెట్టొచ్చు.

జ్వరం విషయం ఈ కొండ ప్రాంతాల్లో వేరుగా చూడాలి. రాయగడ, కొరాపుట్, మల్కనగిరి, గజపతి జిల్లాల్లో మలేరియా ఏళ్ళుగా ఉన్నదే, 2017లో ఒడిశా ప్రభుత్వం దమన్ అని ప్రత్యేకంగా కార్యక్రమం పెట్టింది కూడా దానికోసమే. గర్భిణికి మలేరియా వస్తే మామూలు మనిషికంటే తీవ్రంగా వస్తుంది, కడుపు పోయే ప్రమాదం కూడా పెరుగుతుంది. చలి పెట్టి జ్వరం వస్తే అదే రోజు రక్తపరీక్ష, కిట్ ఆశా దగ్గరే ఉంటుంది. మందు వేసుకునే ముందు "నెల తప్పింది" అని చెప్పి తీరాలి, మలేరియా మందుల్లో ప్రైమాక్విన్ లాంటివి గర్భిణులకి ఇవ్వకూడదు. అలాగే సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు) ఉన్నవాళ్ళకి కూడా ప్రమాదం ఎక్కువ, 2023లో మొదలైన సికిల్ సెల్ మిషన్ కింద పరీక్షలు చేస్తున్నారు, పెళ్ళైన కొత్తలోనే భార్యాభర్తలిద్దరూ చేయించుకుంటే మంచిది.

కడుపు పోయాకో, పోతుండగానో జ్వరం 100.4 డిగ్రీలు దాటి, కింద నుంచి చెడు వాసన వస్తే అది మలేరియా అనుకుని కూర్చోవద్దు, లోపల ముక్కలు మిగిలిపోయి చీము పడుతుండొచ్చు, ఒక్క రోజులో మనిషి చేజారిపోతుంది. ముఖ్యంగా మందుల షాపులో చీటీ లేకుండా కడుపు తీసే మాత్రలు తెచ్చుకుని మింగినవాళ్ళకి, ఎవరో నాటుమందు పెట్టినవాళ్ళకి. అలా చేసుంటే డాక్టర్ దగ్గర దాచొద్దు. 1971 నుంచి మన దేశంలో గర్భం తీయించుకోడానికి చట్టం ఉంది, 2021లో కొన్ని పరిస్థితుల్లో దాన్ని 24 వారాల దాకా పెంచారు కూడా. ఏ మాత్ర, ఎప్పుడు, ఎన్ని అన్నది తెలిస్తేనే వైద్యం సరిగ్గా జరుగుతుంది.

ఏది కారణం, ఏది కాదు అన్నదాని మీద ఊళ్ళో ఉన్నన్ని కథలు ఇంకెక్కడా ఉండవు. పండిన బొప్పాయి ముక్క తింటే కడుపు పోదు, పచ్చికాయ మాత్రం డాక్టర్లు కూడా వద్దంటారు. గ్రహణం వల్ల పోదు, బస్సు కుదుపులకి పోదు, మామూలు ఇంటిపనికి పోదు, మొగుడు పక్కన పడుకుంటే పోదు. మచ్చ కనబడగానే నెలల తరబడి మంచం దిగనివ్వకపోవడం వల్ల గర్భం నిలబడుతుందని ఇప్పటిదాకా ఏ గట్టి పరిశోధనా చూపించలేదు, ఉత్తినే కాళ్ళు పట్టేస్తాయి, మనసు పాడవుతుంది. గర్భం నిలబడ్డానికని ఇచ్చే ప్రొజెస్టిరాన్ హార్మోన్ మందు కూడా అందరికీ పనిచేయదు, ఇంతకుముందు గర్భం పోయి, ఈసారి రక్తం కనబడినవాళ్ళకి కొంత ఉపయోగం ఉంటుంది. నిజంగా ప్రమాదం పెంచేవి వేరే ఉన్నాయి, వయసు 35 దాటడం, అదుపులో లేని షుగర్, థైరాయిడ్, సారా, పొగాకు. మన వైపు పెద్దాడవాళ్ళు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది, చిన్నవాళ్ళేమో పళ్ళు తోముకునే వంకతో గుడాఖు రుద్దుతారు, అది పొగాకే అని చాలామందికి తెలీదు. కోడలు బొప్పాయి తిందా అని అడిగే ఇంట్లో గుడాఖు డబ్బా గురించి ఎవరూ అడగరు.

ఎక్కడికి వెళ్ళాలి అన్నది నొప్పి వచ్చాక ఆలోచించే విషయం కాదు. 1936లో రాష్ట్రం గీత గీశారు గానీ మనుషుల రాకపోకలు మారలేదు, పర్లాకిమిడి వాళ్ళకి పాతపట్నం పక్కనే, రాయగడ వాళ్ళకి పార్వతీపురం దగ్గరే, సీరియస్ అంటే బరంపురం మెడికల్ కాలేజీయా, కొరాపుట్ మెడికల్ కాలేజీయా, శ్రీకాకుళమా, విశాఖ కేజీహెచ్చా అని ఇంటి ముందు పంచాయితీ మొదలవుతుంది. భారీగా రక్తం పోతున్నప్పుడు, కళ్ళు తిరుగుతున్నప్పుడు దగ్గర్లో రాత్రి పూట డాక్టర్ ఉండి, రక్తం దొరికి, ఆపరేషన్ చేయగలిగే చోటు ఏదో అదే మొదటి చోటు, అది మన జిల్లా హాస్పిటలే అయితే ముందు అక్కడికే, సెలైన్ పెట్టించుకుని అక్కణ్ణుంచి పెద్ద హాస్పిటల్‌కి. ఆటోలో రెండు గంటలు కొండదారిలో అటు వెళ్ళడం కన్నా ఇదే నయం. ఒడిశాలో గర్భిణులకి 102, ఎమర్జెన్సీకి 108, రెండూ ఉచితం, ఫోన్ చేసినప్పుడు మొదట రాష్ట్రం, జిల్లా, తర్వాత ఊరు చెప్పాలి. కార్డుల సంగతి కూడా ముందే కనుక్కోవాలి, ఆంధ్రా ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) ఒడిశా రేషన్ కార్డు వాళ్ళకి పనికిరాదు, 2025లో ఒడిశా ఆయుష్మాన్ భారత్‌లో చేరాక ఆ కార్డున్నవాళ్ళకి ఆ పథకం జాబితాలో ఉన్న వేరే రాష్ట్రం హాస్పిటల్లో కూడా దారి ఉంది.

భాష గురించి భయపడేవాళ్ళు కొత్తగా కోడలిగా ఆంధ్రా నుంచి వచ్చినవాళ్ళు. ఒడియా రాదని నర్సు ముందు తలొంచుకుని కూర్చుంటారు. అక్కడ చాలామందికి తెలుగు అర్థమవుతుంది, అవకపోయినా "దుయి మాస, రక్త పడుచి" అంటే చాలు, రెండు నెలలు, రక్తం పడుతోంది అని.

హాస్పిటల్‌కి వెళ్ళాక ఒకటి మర్చిపోకుండా అడగాలి, బ్లడ్ గ్రూప్. తల్లిది నెగెటివ్ అయితే యాంటీ-డీ ఇంజెక్షన్ అవసరమా అని, అవసరమైతే 72 గంటల్లోపు వేయించుకోవాలి, లేకపోతే ఇప్పటికి ఏమీ కాదు గానీ తర్వాతి బిడ్డకి సమస్య రావొచ్చు. ఏదైనా ముక్కలా పడితే సిగ్గుపడి పారేయకుండా శుభ్రమైన డబ్బాలో తీసుకెళ్తే డాక్టర్‌కి ఉపయోగం, ద్రాక్షగుత్తిలా బుడగలు బుడగలుగా పడితే తప్పకుండా, అది వేరే జబ్బు, పోయాక కూడా నెలల పాటు రక్తపరీక్షలు చేయించుకోవాలి.

తర్వాత వారం, రెండు వారాలు కొంచెం కొంచెంగా రక్తం ఉంటుంది, తగ్గుతూ రావాలి, మళ్ళీ పెరగకూడదు. రెండు వారాలకే మళ్ళీ గర్భం వచ్చే అవకాశం ఉంది, కాబట్టి ఎప్పుడు ప్రయత్నించాలో డాక్టర్‌ని అడిగి తెలుసుకోవాలి, ఒక ముట్టు వచ్చాక అని చాలామంది చెప్తారు. ఒకసారి పోయినవాళ్ళలో ఎక్కువమందికి తర్వాతిది నిలబడుతుంది. రెండుసార్లు పోతే మాత్రం పరీక్షలు మొదలుపెట్టాలి, థైరాయిడ్, షుగర్, రక్తం గడ్డకట్టే తీరు, గర్భసంచి ఆకారం, మొగుడితో సహా.

మళ్ళీ నెల తప్పినప్పుడు చాలా ఇళ్ళల్లో "ఇదే మొదటిది అని చెప్పు" అని పంపుతారు. కార్డులో పాతది పడదు, ఎన్నో వారంలో పోయిందో, నొప్పి వచ్చిందో లేదో, క్లీనింగ్ అయిందో లేదో ఏదీ ఉండదు, డాక్టర్ మొదటి కాన్పులాగే చూసి పంపేస్తారు. బియ్యం డబ్బా పక్కన ఒక ప్లాస్టిక్ కవర్‌లో ఆ పాత స్కాన్ కాగితం, డిశ్చార్జి చీటీ, బ్లడ్ గ్రూప్ కార్డు కలిపి పెట్టుకుని, ఆఖరి ముట్టు మొదటి రోజు తేదీ దాని మీద పెన్నుతో రాసి, ఆ కవర్ని ఆశా దీదీ చేతికి మొదటి రోజే ఇవ్వాలి.